పెదవులు కదిపితే చాలు

ఆ మాట భార్యకి చెప్పడానికి మాస్టారు చాలా రోజులు తటపటాయించాడు. చివరికి ఒక శనివారం సాయంత్రం, ఆవిడ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే, గుమ్మానికి ఆనుకుని నిలబడి చెప్పేశాడు. ఉల్లిపాయలు తరిగే వేళైతే కళ్ళనీళ్ళు ఎందుకొచ్చాయని ఎవరూ తరచి అడగక్కర్లేదు అనుకున్నాడేమో, ఆ సంగతి ఆయనకే తెలియాలి.

"రేపట్నుంచి పాటల్లో నువ్వు గొంతు ఎత్తకు. పెదవులు కదిపితే చాలు."

ఆవిడ కత్తి ఆపలేదు. "పెదవులొక్కటేనా, దవడ కూడా కదపాలా?" అని అడిగింది.

ఆవిడ వేళాకోళం ఆడుతోందని ఆయనకి తట్టలేదు. తట్టి ఉంటే కథ అక్కడితో ఆగిపోయేది. "దవడ కూడా కదుపు. వెనక కూర్చున్నవాళ్ళకి కనపడొద్దూ?" అన్నాడు, బళ్ళో పిల్లలకి పాఠం చెప్పినట్టు.

"సరే," అంది ఆవిడ. ఉల్లిపాయలు మూకుట్లో వేసింది. ఆ రాత్రి భోజనం దగ్గర ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు.

వాళ్ళు ఆ దేశం వచ్చి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. సొంత ఊళ్ళో మాస్టారు మిషను స్కూల్లో సంగీతం పంతులు. కీబోర్డు వాయిస్తాడు, వయొలిన్ వాయిస్తాడు, ఎలాంటి మొద్దుగొంతునైనా దారిలో పెడతాడని పేరు. చెవి మహా గట్టిది. పక్క గదిలో ఎవరైనా శ్రుతి తప్పితే ఇక్కడ ఈయనకి పన్ను జివ్వుమనేది. ఆవిడ అదే స్కూల్లో చిన్నపిల్లల టీచరు. పిల్లాపాపా లేని సంసారం. పై దేశంలో కొత్తగా లేచిన ఒక సంఘానికి పాటలు నేర్పడానికి ఒక జంట కావాలని మిషను వాళ్ళు అడిగినప్పుడు, ముందు చెయ్యెత్తింది ఆవిడే. ఆ చెయ్యి చూసి ఈయన ఎత్తాడు.

ఇక ఆవిడ గొంతు సంగతి. చాలా పెద్ద గొంతు. అందులో పిసినారితనం లేదు, ఉన్నదంతా పెట్టి పాడేది. చిక్కల్లా ఏమిటంటే, పాట ఒక దారిన పోతుంటే ఆవిడ పక్కనే ఇంకో దారి వేసుకుని, ఎక్కడా దాన్ని తాకకుండా, చివరిదాకా సంతోషంగా వెళ్ళిపోయేది. మామగారు బతికున్న రోజుల్లో, కోడలు వంటింట్లో పాట ఎత్తుకోగానే వరండాలోంచి "కుక్కరు దించమ్మా, ఎప్పట్నించో కూస్తోంది!" అని కేకేసేవాడు. ఆవిడే అందరికంటే ఎక్కువ నవ్వేది. ఇంట్లో నవ్వుకున్నన్నాళ్ళు బాగానే ఉంది. సొంత ఊరి చర్చిలో వందలమంది గొంతుల్లో ఆవిడ గొంతు కలిసిపోయేది. ఇక్కడ అలా కాదు.

ఇక్కడ చర్చి అంటే ఒక పాత గోడౌను. రేకుల కప్పు, మడత కుర్చీలు, ఓ మూల కీబోర్డు. పాటల బృందమంతా కలిపితే ఒక చిన్న బస్సులో సగం నిండదు. మొదటి ఆదివారమే పాస్టరుగారు ఇద్దరికీ చెరో తెల్ల అంగీ తొడిగించి ముందు నిలబెట్టేశాడు. ఫోటో తీసి మిషనుకి పంపారు. "పాటల సేవలో దంపతులు" అని దాని కింద రాశారు. అంగీ తొడిగాక ఇప్పుడు విప్పెయ్యమని ఎలా చెప్పడం? అందుకని మాస్టారు ఈ దారి కనిపెట్టాడు. ఎవరికీ నొప్పి లేదు, ఎవరికీ తెలియదు అనుకున్నాడు.

ఆవిడ చెప్పినట్టే చేసింది. అచ్చం పాడుతున్నట్టే నోరు తెరిచేది, ఊపిరి తీసేది, పల్లవి చివర తల ఆడించేది. మాస్టారు ఆ తీరు చూసి లోపల ముచ్చటపడ్డాడు కూడా. బృందం చూస్తుండగానే తేటపడింది. వెనక వరసలో టాక్సీ తోలే పెద్దాయన ఉన్నాడు, ఆయన గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది. ఆయన ఒక్కడు కింది స్వరం పట్టుకుంటే మిగతావాళ్ళంతా దాని మీద ఇల్లు కట్టుకోవచ్చు. రొట్టెల దుకాణం మొగుడూ పెళ్ళాం ఉన్నారు, ఇద్దరివీ కీచు గొంతులే గానీ శ్రుతి తప్పవు. మాస్టారి భార్య పక్కన నిలబడేది నర్సమ్మ. ఆ ఊరి ఆసుపత్రిలో పెద్ద నర్సు. భారీ మనిషి, చెయ్యి కలిపితే నాడి కూడా చూసి గానీ వదలదు. చుట్టుపక్కల చర్చిలన్నీ ఏడాదికోసారి పెట్టుకునే పాటల సభకి ఈసారి మనమూ వెళ్దామని పాస్టరుగారు ప్రకటించాడు. మాస్టారు రెట్టించి పనిచేశాడు.

ఒక బుధవారం సాయంత్రం సాధన అయిపోయి అందరూ కుర్చీలు మడుస్తుంటే నర్సమ్మ మాస్టారి దగ్గరికొచ్చింది. మెల్లగా మాట్లాడటం ఆవిడ పుట్టుకలో లేదు.

"మాస్టారూ, చెల్లికి ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది?"

"ఎలా ఉంది?"

"నా దగ్గర దాచకండి. నేను పక్కనే నిలబడతాను, చెవి పెట్టి విన్నాను. ఊపిరి వస్తోంది, శబ్దం రావట్లేదు. మాట వస్తుంది, పాట రాదు. ఇలాంటి గొంతు జబ్బు నేను చూశాను. బయటికి చెప్పుకోలేక, పాపం, మూగగా పాడుతోంది!"

కుర్చీల చప్పుడు ఆగిపోయింది. అందరూ ఇటే చూశారు. మాస్టారి భార్య పాటల కాగితాలు గుండెకి ఆనించుకుని, భర్త ఏమంటాడా అని చూస్తోంది.

'నేనే పాడొద్దన్నాను.' ఇంతే అనాల్సింది. అక్కడి భాష ఆయనకి అంతంతమాత్రమే గానీ, ఆ కాస్త మాటలూ వచ్చు. నోరు తెరిచాడు. ఎదురుగా పాస్టరుగారు, రొట్టెల దంపతులు, టాక్సీ పెద్దాయన.

"కొంచెం... గొంతు ఇబ్బంది," అన్నాడు.

ఆవిడ కళ్ళు దించుకుని కాగితాలు సర్దుకుంది. ఇంటి మెట్ల దగ్గర మాస్టారు "రెండు రోజులు పోతే వాళ్ళే మరిచిపోతారులే," అన్నాడు.

మరిచిపోవడమా! మర్నాటినుంచి వాళ్ళ గుమ్మం తిరునాళ్ళయింది. వాళ్ళుండేది టైర్ల షాపు పైన రెండు గదుల్లో. ఆ ఇనప మెట్లెక్కి ఒకరు తేనె సీసా తెచ్చారు, ఒకరు అల్లం కషాయం తెచ్చారు, రొట్టెల దుకాణం ఆవిడ మెడకి చుట్టుకోవడానికి ఉన్ని గుడ్డ అల్లి తెచ్చింది. తెచ్చిన ప్రతివాళ్ళూ ఆవిడ చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసి మరీ వెళ్ళారు. మాస్టారు ఆ ప్రార్థనల్లో తల వంచుకుని నిలబడేవాడు. చూసేవాళ్ళకి అది భక్తిలా కనపడేది. ఆదివారం పాస్టరుగారు వేదిక మీదనుంచి ఆవిడ పేరు చెప్పి, "పాటకోసం ఇల్లూ దేశం వదిలి వచ్చిన సహోదరి గొంతు దేవుడు తిరిగి ఇవ్వాలి," అన్నాడు. సంఘమంతా "ఆమెన్" అంది. మాస్టారి నోరు కూడా అంది.

టాక్సీ పెద్దాయనైతే ఇంకో అడుగు ముందుకేశాడు. ఊహ తెలిసినప్పట్నించి కాలుస్తున్న సిగరెట్టు మానేశాడు. "అమ్మ మళ్ళీ పాడిందాకా ముట్టుకోను. దేవుడితో మాట అయిపోయింది," అని అందరిలో చెప్పాడు. చెప్పి దగ్గాడు. ఆ దగ్గు కొన్నాళ్ళుగా ఉన్నదే, పెద్దాయనకి రొట్టె టీలో నానితే తప్ప మింగుడుపడట్లేదని రొట్టెల దుకాణం ఆయన వేళాకోళం చేస్తుండేవాడు. మాస్టారు ఆ మాటలూ విన్నాడు, ఆ దగ్గూ విన్నాడు. బృందంలో అడుగు గొంతు బొంగురుపోతోందని మాత్రం దిగులుపడ్డాడు.

నర్సమ్మ మందు ఇంకొకటి. గొంతుకి పూర్తి విశ్రాంతి. మాట కూడా వద్దంది. దాంతో ఆవిడ మాట మానేసింది. బయట సరే, ఇంట్లో కూడా మానేసింది. ఇది నర్సమ్మ మాట మన్నించడమో, మొగుడి మీద కోపమో మాస్టారికి అంతు చిక్కలేదు. అడిగితే ఆవిడ పెదవులు కదిపేది. దవడ కూడా కదిపేది. శబ్దం మాత్రం రాదు. "ఏమంటున్నావు? అన్నం అంటున్నావా, అద్దం అంటున్నావా?" అని ఈయన మొహంలో మొహం పెట్టి వెతుక్కోవడం. ఒకసారి చాలాసేపు ఏదో చెప్పింది. కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. ఈయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమని అడగడానికి ధైర్యం చాలలేదు.

పోనీ, ఎవరికైనా చెప్పేద్దామా అంటే రోజురోజుకీ కష్టమైపోతోంది. మొదటిరోజు చెప్తే పోయేది పరువు కాస్తే. ఇప్పుడు తేనె సీసాలున్నాయి, ఉన్ని గుడ్డ ఉంది, పెద్దాయన మొక్కు ఉంది. అవన్నీ ఎక్కడ దాచుకుంటాడు? దారిలో రొట్టెల దుకాణం వస్తే అవతలి పక్కకి దాటి నడిచేవాడు. టాక్సీ కనబడితే సందులోకి తిరిగేవాడు.

గొంతు డాక్టరు ఆ ఊరికి ఎప్పుడో ఒకసారి పెద్ద నగరంనుంచి వస్తాడు. ఆయన దగ్గర వంతు దొరకడం అంత తేలిక కాదు, నెలల తరబడి కాచుకోవాలి. అలాంటిది నర్సమ్మ ఒకరోజు ఎగిరి గంతేసినంత పని చేస్తూ వచ్చి, చెల్లికి వంతు దొరికిందంది. వచ్చే గురువారమే. మాస్టారు "చాలా కృతజ్ఞతలు," అన్నాడు.

ఆ మంగళవారం నర్సమ్మ ఆవిణ్ణి రక్తపరీక్షకని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం తిరిగొచ్చాక ఆవిడ సంచి గోడకి తగిలించి, ఉన్ని గుడ్డ విప్పి కుర్చీ మీద పడేసింది.

"ఏవండీ, ఇలా కూర్చోండి."

ఎన్నో రోజుల తర్వాత విన్న గొంతు. మాస్టారు ఉలిక్కిపడి కూర్చున్నాడు.

"ఎల్లుండి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సింది నేను కాదు, టాక్సీ ఆయన. గొంతులో ఏదో గడ్డలా ఉందిట. ఎప్పట్నించో కాచుకుంటే వచ్చిన వంతది. నాకిచ్చేశాడు."

"నీకెవరు చెప్పారు?"

"ఆసుపత్రిలో పేర్లు రాసే కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి. ఆయన్ని పట్టుకుని, 'పేరు కొట్టేశాను, మళ్ళీ మీ వంతు రావాలంటే చాలా కాలం పడుతుంది, ఆలోచించుకోండి తాతగారూ' అంటోంది. నన్ను చూసి ఆయన నోటి మీద వేలేసుకున్నాడు. ఎందుకిలా చేశారంటే ఏమన్నాడో తెలుసా? 'టాక్సీ తోలేవాడికి గొంతెందుకమ్మా, హారన్ ఉందిగా' అన్నాడు. అని నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే గోడ పట్టుకున్నాడు."

మాస్టారు చేతులకేసి చూసుకున్నాడు. "ఇన్నాళ్ళూ నువ్వైనా చెప్పొచ్చుగా?" అన్నాడు చివరికి.

"ఏమని చెప్పను? నా మొగుడు నన్ను నోరు మూసుకోమన్నాడని నలుగురిలో చెప్పుకోనా? మీకొక్కరికేనా సిగ్గు? నాకు లేదా? మీరు చెప్తారు చెప్తారని చూశాను. మీ సిగ్గు కాస్తూ కూర్చున్నాను. అందులో నా తప్పూ ఉంది. కానీ ఇప్పుడిది సిగ్గు సంగతి కాదు, ఆ పెద్దాయన ప్రాణం సంగతి."

"సభ అయిపోనీ. ఆ తర్వాత నేనే మెల్లగా..."

"ఇంకోసారి అనండి ఆ మాట."

మాస్టారు లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"రేపు సాధనలో మీరు చెప్తారా, నన్ను పాడమంటారా?" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడంతా మాస్టారు గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పవలసిన మాటలు అక్కడి భాషలో వల్లె వేసుకున్నాడు. కింద టైర్ల షాపాయన పైకి చూసి, ప్రార్థన అనుకుని టోపీ తీశాడు. సాయంత్రం గోడౌనులో అందరూ చేరారు. మాస్టారు కీబోర్డు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మా ఆవిడ గొంతు గురించి ఒక మాట చెప్పాలి."

అందరి మొహాలూ ఒక్కసారి ఆయనవైపు తిరిగాయి. ఎంత ఆత్రం, ఎంత ప్రేమ! వెనక వరసలో పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మరీ వింటున్నాడు. పొద్దుట్నించి వల్లె వేసిన మాటలు నాలుక దాకా వచ్చి, అక్కడ దారి మార్చుకున్నాయి.

"దేవుడి దయవల్ల ఇప్పుడు బాగానే ఉంది," అన్నాడు. "డాక్టరు అక్కర్లేదు."

ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఆయనకి హాయిగా అనిపించింది. వంతు పెద్దాయనకి తిరిగి వెళ్తుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు, అంతా సర్దుకుంటుంది అనుకున్నాడు. ఈలోపు గోడౌను దద్దరిల్లిపోయింది. పాస్టరుగారు ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రొట్టెల దుకాణం ఆవిడ బావురుమంది. పెద్దాయన బొంగురు గొంతుతో "స్తోత్రం! స్తోత్రం!" అని కుర్చీ వీపు మీద తాళం వేశాడు. నర్సమ్మ మాస్టారి భార్యని గట్టిగా వాటేసుకుని ముందుకి నెట్టింది. "పాడు చెల్లీ! ఒక్క చరణం! మా చెవులారా వింటాం!"

ఆవిడ భర్త వైపు చూసింది. ఇంకా సమయం ఉంది, చెప్పండి, అన్నట్టు చూసింది. మాస్టారు కీబోర్డు మీద గుడ్డ సర్దాడు.

ఆవిడ పాడింది.

అందరికీ వచ్చిన పాత పాటే. ఇన్ని నెలలు మూసిపెట్టిన గొంతేమో, ఒక్కసారిగా తలుపులన్నీ తెరుచుకుని బయటపడింది. కప్పు రేకులు గణగణలాడాయి. పాట ఎత్తుకోవాల్సినచోట ఎత్తుకోలేదు, ఎత్తుకున్నచోట నిలవలేదు. పై స్థాయిలో ఆవిడ ఎక్కడికి చేరిందో కనుక్కోవడం మాస్టారి చెవికి కూడా సాధ్యం కాలేదు. కళ్ళు మూసుకుని చరణం మొత్తం, ఏదీ మిగుల్చుకోకుండా పాడి ఆపింది.

నర్సమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో చెల్లీ! ఏమీ నయం కాలేదు. బాగా ముదిరింది!"

"రేపు పొద్దున్నే టాక్సీ తెస్తాను," అన్నాడు పెద్దాయన కుర్చీ పట్టుకుని లేస్తూ. "డాక్టరు రాకముందే తీసుకెళ్ళి తలుపు దగ్గర కూర్చోబెడతా. నువ్వేం బెంగపెట్టుకోకు తల్లీ."

అప్పుడు చూశాడు మాస్టారు ఆవిడ మొహం. కందగడ్డలా అయిపోయింది. నవ్వుదామని ప్రయత్నిస్తోంది, పెదవి వణుకుతోంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి, ప్రాణం పెట్టి పాడిన పాట. దాన్ని పట్టుకుని అందరూ జబ్బని జాలిపడుతుంటే, ఆ జాలి మధ్య ఒంటరిగా నిలబడి ఉంది. నేల చీలితే అందులోకి దూరిపోదామనిపించింది ఆయనకి. నేల చీలలేదు. సిమెంటు నేల.

"ఆవిడకి జబ్బేమీ లేదు," అన్నాడు. గొంతు తనది కానట్టుంది. "ఆవిడ గొంతే అంత. పాడొద్దని, పెదవులు కదపమని చెప్పింది నేను. మీరు జబ్బనుకుంటే ఊరుకున్నాను. ఇప్పుడు నయమైందన్నది కూడా అబద్ధమే."

రొట్టెల దుకాణం ఆయనకి నవ్వొచ్చింది, పెళ్ళాం మోచేత్తో పొడిస్తే ఆపుకున్నాడు. నర్సమ్మకి మాత్రం ఇంకా బోధపడలేదు.

"అంటే... ఇప్పుడు పాడింది బాగున్న గొంతేనా?"

"అవును."

నర్సమ్మ మొహం పాలిపోయింది. గబగబా వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "ముదిరిందన్నానే! నా నోరు పడిపోను! క్షమించు చెల్లీ."

"మీరన్నదాంట్లో తప్పేముంది అక్కా? మా మామగారైతే కుక్కరు దించమనేవాడు," అని ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. ఆ మాటకి నర్సమ్మ నవ్వింది, ఆ తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వులో మాస్టారికి చోటు లేదు. చోటు అడిగే మొహమూ లేదు.

పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. చొక్కా జేబు తడుముకున్నాడు, అక్కడ సిగరెట్లు లేవని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను మానేసిన సంగతి మీకు తెలుసుగా మాస్టారూ?"

"తెలుసు."

"వంతు ఇచ్చేసిన సంగతి?"

"నిన్న తెలిసింది."

"నిన్న తెలిసి, ఇవాళ నయమైందన్నారు." అంతే అన్నాడు. కోపం కూడా లేదు గొంతులో. ఉంటే మాస్టారికి కొంచెం తేలికగా ఉండేది.

ఆ సాయంత్రం సాధన జరగలేదు. అందరూ వెళ్ళాక మాస్టారు పాస్టరుగారి దగ్గరికెళ్ళి, తాము తిరిగి వెళ్ళిపోతామని, మిషనుకి తానే చెప్పుకుంటానని అన్నాడు. పాస్టరుగారు మోకాళ్ళకంటిన దుమ్ము దులుపుకుంటూ విన్నాడు. "అబద్ధం మీద మోకరించాను మాస్టారూ. ఈ ఆదివారం అదీ నేను చెప్పుకోవాలి," అన్నాడు. "మీరు వెళ్ళిపోతే మీకు బాగుంటుంది. మాకు పాట నేర్పేవాళ్ళు ఉండరు. వచ్చే బుధవారం రండి. అందరి ముందూ నిలబడండి."

గురువారం పొద్దున్న మాస్టారు టాక్సీ దగ్గర కాచుకున్నాడు. పెద్దాయన చూశాడు, రమ్మనలేదు, వద్దనలేదు. మాస్టారు వెనక సీట్లో కూర్చున్నాడు. ఆసుపత్రి వరండాలో ఇద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నారు. డాక్టరు చూసి, గడ్డ ఉంది, వెంటనే తీసెయ్యాలి, ఇంకా ఆలస్యం చేసి ఉంటే చేతులు దాటిపోయేది అన్నాడు. ఆ మాట విన్న మాస్టారు వరండా చివరికి వెళ్ళి, గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు.

ఆపరేషను బాగా జరిగింది. మనిషి దక్కాడు. బావిలోంచి వచ్చే ఆ గొంతు మాత్రం దక్కలేదు. తిరిగి వచ్చిన బుధవారం పెద్దాయన నోరు తెరిస్తే తడిసిన కాగితం చిరిగినట్టు సన్నటి శబ్దం వచ్చింది.

"నన్నెక్కడ నిలబెడతారు మాస్టారూ? నేనూ పెదవులు కదపనా?" అన్నాడు. చిన్నగా నవ్వుతూనే అన్నాడు.

మాస్టారికి చెంప మీద కొట్టినట్టయింది. "మీ చోటు మీదే. వచ్చినంత పాడండి," అన్నాడు. పైకి చూడలేక పాటల కాగితాలకి చెప్పాడు.

సభకి వెళ్ళారు. ఆవిడ కూడా అంగీ తొడుక్కుని తన చోట నిలబడి, నోరారా పాడింది. ముందు వరసల్లో కొన్ని తలలు ఇటు తిరిగాయి, వేరే చర్చి పాటలాయన ఒకాయన కనుబొమ్మలు ఎగరేశాడు. వీళ్ళ పాట గురించి ఎవరూ ప్రత్యేకంగా ఏమీ అనలేదు. మాస్టారి పన్ను జివ్వుమంటూనే ఉంది. మొహం మాత్రం చిట్లించలేదు. చెయ్యి ఎత్తి, దించి, పాట ముగించాడు. బృందంలో సగంమంది ఆయన చేతిని చూశారు, మిగతావాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పాడారు. నర్సమ్మ అయితే చాలా వారాలు ఆయన వైపే చూడలేదు.

ఒకరోజు ఇంట్లో, చాలా ఆలోచించి, మాస్టారు కీబోర్డు ముందు కూర్చుని భార్యని పిలిచాడు. "రా, స్వరం పట్టుకోవడం నేర్పుతాను. కష్టమేమీ కాదు. అభ్యాసంతో వస్తుంది."

ఆవిడ గుడ్డలు మడతపెడుతోంది. "ఎంతమంది పిల్లలకి నేర్పుంటారు మీరు? ఊళ్ళో సగంమంది ఉండరూ?"

"ఉంటారు."

"పెళ్ళైన కొత్తలో నేను అడిగాను. గుర్తుందా?"

గుర్తులేదు. కీబోర్డు మీదనుంచి వేళ్ళు తీసేశాడు.

"నవ్వారు," అంది ఆవిడ. "నీకెందుకులే అన్నారు. నేనూ నవ్వాను. ఇప్పుడొద్దు లెండి. ఎప్పుడైనా కావాలనిపిస్తే నేనే అడుగుతాను." మడతపెట్టిన గుడ్డలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అన్నానికి మామూలుగానే పిలిచింది, మామూలుగానే వడ్డించింది.

ఆ తర్వాత నర్సమ్మ డ్యూటీ లేని మధ్యాహ్నాలు వాళ్ళింటికి రావడం మొదలుపెట్టింది. ఆ వేళకి మాస్టారికి కూరగాయల పనో, చర్చి పనో చెప్పి పంపేసేవాళ్ళు. ఎందుకో ఆయనకి కొన్నాళ్ళు తెలియలేదు. ఒకరోజు త్వరగా తిరిగొచ్చి ఇనప మెట్లెక్కుతుంటే లోపలినుంచి పాట వినపడింది. నర్సమ్మ ఒక ముక్క పాడుతోంది, ఆవిడ దాని వెనకాల పాడుతోంది. అదే వేరే దారి. కానీ మధ్యలో ఒకచోట, ఎలాగో, రెండు గొంతులూ ఒక్క క్షణం కలిశాయి. లోపల ఇద్దరూ "ఆఁ! ఆఁ!" అని అరిచి చప్పట్లు కొట్టుకున్నారు. మళ్ళీ పోగొట్టుకున్నారు. మళ్ళీ మొదట్నించి ఎత్తుకున్నారు.

మాస్టారు గుమ్మం బయటే నిలబడిపోయాడు. తలుపు తోస్తే తెరుచుకుంటుంది. కూరగాయల సంచి బరువుకి వేళ్ళు కోసుకుపోతున్నాయి. కింద టైర్ల షాపాయన తలెత్తి, తాళంచెవి మరిచిపోయారా అని సైగ చేశాడు. కాదని తలాడించి అలాగే నిలబడ్డాడు.

చివరికి నర్సమ్మే తలుపు తీసింది, చెప్పులు తొడుక్కుంటూ. ఆయన్ని చూసి ఆగింది.

"ఎంతసేపైంది మాస్టారూ మీరొచ్చి?"

"ఇప్పుడే వచ్చాను," అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. "కాదు. చాలాసేపైంది. లోపలికి రావడానికి మొహం చెల్లక నిలబడ్డాను."

నర్సమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఎన్నో వారాల తర్వాత సూటిగా చూసింది. సంచి తీసుకోవడానికి చెయ్యి చాపి, అలవాటు కొద్దీ మణికట్టు పట్టుకుంది.

"చల్లబడిపోయారు," అంది. "లోపలికి రండి. టీ ఉంది."